గుర్రాల మేతకు అనువైన భూమి

ఆ ప్రకటన రాసింది నేనే. మా ఆయన కాదు, బ్రోకరూ కాదు. రేపల్లెలో మా స్కూలుకి వెళ్ళే పొద్దుటి రైల్లో, కిటికీ పక్కన కూర్చుని ఫోనులో రాశాను. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకు తెలుగు చెబుతున్నదాన్ని. నాలుగు వాక్యాలు నాకొక లెక్క కాదు. అయినా ఒక్కచోట ఆగి, చెరిపి, మళ్ళీ రాశాను.

"గుర్రాలు, పశువులు మేపుకోవడానికి అనువైన పచ్చిక భూమి. ఎకరం డెబ్బై సెంట్లు. మెత్తటి ఇసుక నేల, నిండా గరిక. బోరు ఉంది. ఏడాది పొడవునా మంచినీళ్ళు."

మొదట "మంచినీళ్ళు" అని మాత్రమే రాశాను. "ఏడాది పొడవునా" అన్నది తర్వాత చేర్చాను.

ఆ భూమి పిట్టలవానిపాలెం దాటాక, సముద్రం వైపు ఉంది. మా అమ్మ నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. వరికి పనికిరాదు. ఒకప్పుడు వేరుశెనగ వేసేవాళ్ళు, తర్వాత బీడు పడి గరిక కమ్ముకుంది. చుట్టుపక్కల రొయ్యల చెరువులు తవ్వాక బోరు నీళ్ళు మారిపోయాయి. వానాకాలంలోనూ చలికాలంలోనూ బాగానే ఉంటాయి. కాలవలు కట్టేసి ఎండలు ముదిరాక మాత్రం నోట్లో పోసుకుంటే ఉమ్మెయ్యాల్సిందే. అక్కడ గేదెలు మేపుకునే కౌలుదారు ఆ కారణంతోనే వదిలేసి వెళ్ళాడు. ఇదంతా నాకు తెలుసు.

మాకు అంత అవసరమేమీ ముంచుకురాలేదు. అదీ చెప్పాలి. తెనాలిలో ఇంటి మీద ఇంకో అంతస్తు వేసుకోవాలనుకున్నాం, అంతే. మూడేళ్ళుగా ఆ నేల ఎవరూ కొనలేదు. తెనాలిలో పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే పెద్దాయన ఒకాయన మేత భూమి కోసం వెతుకుతున్నాడని స్టాఫ్ రూములో ఎవరో అన్నారు. గుర్రాల మాట అందుకే ముందు పెట్టాను.

ప్రకటన చూసి మా ఆయన అడిగారు: "ఎండాకాలం నీళ్ళ సంగతి రాయలేదేంటి?"

"అడిగితే చెబుదాం లెండి," అన్నాను.

ఆ గుర్రాల పెద్దాయన అడిగాడు.

కార్తీకమాసంలో ఒక ఆదివారం భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. అరవై దాటిన మనిషి, పొట్టి, ఎండకి నల్లబడిన మెడ. వాళ్ళకు పిల్లల్లేరు. ఒక తెల్లటి ఆడగుర్రం, ఒక ముసలి గుర్రం, అంతే వాళ్ళ సంసారం. తెనాలిలో వాటిని ఇంటి ముందు కరెంటు స్తంభానికి కట్టేవారు. లద్దె వాసనకి వీధివాళ్ళు గొడవ చేస్తే ఖాళీ చెయ్యమని మున్సిపాలిటీవాళ్ళు చెప్పి వెళ్ళారు. చెరువుల గట్లన్నీ అప్పుడు పచ్చగా ఉన్నాయి. ఆయన చెప్పులు విప్పి గరికలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు.

"ఈ ఇసకలో నడిస్తే వాటి కాళ్ళకి సుఖం అమ్మా. తారురోడ్డు మీద డెక్కలు పగిలిపోతన్నాయి," అన్నాడు.

మోటారు వేశాను. ఆయన భార్య దోసిలి పట్టి తాగింది. బాగున్నాయన్నట్టు తలూపింది. అప్పుడు ఆయన నావైపు తిరిగాడు.

"ఎండాకాలం కూడా ఇట్టాగే ఉంటాయా టీచరమ్మా? గుర్రానికి తిండి తక్కువైనా పర్లేదండి, నీళ్ళ దగ్గర మాత్రం మా చెడ్డ పట్టింపు."

"మా అమ్మ ఈ నీళ్ళు తాగే పెరిగిందండి," అన్నాను.

అది నిజమే. మా అమ్మ చిన్నప్పుడు అక్కడ దిగుడుబావి ఉండేది. పొలానికి వచ్చినవాళ్ళంతా అందులో నీళ్ళే తాగేవారు. నిజమైన మాటని సరిగ్గా ఆ క్షణంలో ఎక్కడ పెట్టాలో నాకు తెలిసిపోయింది. నోరు తడబడను కూడా లేదు.

"టీచరమ్మే చెప్పాక ఇంకేంటి," అన్నాడు ఆయన భార్యతో. మా ఆయన కొంచెం అవతలగా నిలబడి సరిహద్దు రాళ్ళు చూస్తున్నారు. నేనన్న మాట ఆయనకు వినిపించిందో లేదో నేను ఇప్పటిదాకా అడగలేదు.

రిజిస్ట్రేషన్ అయిన రోజు ఆయన మాకు కాజాలు తెచ్చాడు. నెల తిరక్కుండా రేకుల పాక వేసుకుని గుర్రాలతో సహా అక్కడికి మారిపోయారు. చలికాలమంతా అప్పుడప్పుడూ ఫోను చేసేవాడు. "ఆడది ఒళ్ళు చేసిందమ్మా. ముసలోడు కూడా పరిగెడతన్నాడు. మీ చలవే." నేను నవ్వి, సంతోషం బాబాయిగారూ అని పెట్టేసేదాన్ని.

చైత్రంలో ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఫోను వచ్చింది.

"అమ్మా, నీళ్ళు ఉప్పగా వస్తన్నాయి. గుర్రాలు మూతి పెట్టి తీసేస్తన్నాయి. మోటారులో ఏమన్నా లోపమంటారా?"

అప్పుడైనా చెప్పాల్సింది. చుట్టూ తోటి టీచర్లు క్యారేజీలు విప్పుకుంటున్నారు. "మోటారే అయ్యుంటుందండి, ఒకసారి మెకానిక్కి చూపించండి," అన్నాను. ఆ తర్వాత ఆయన రెండుసార్లు చేశాడు. నేను ఎత్తలేదు.

వైశాఖంలో రేపల్లెలో మా హెడ్మాస్టరుగారి అబ్బాయి పెళ్ళి. సాయంత్రం ఎదురుకోలుకి పెళ్ళికొడుకు గుర్రం మీద వస్తున్నాడని పిల్లలు అరుస్తుంటే అందరితోపాటు నేనూ గేటు దగ్గరికి వెళ్ళాను. కళ్ళెం పట్టుకుని ఆయనే ఉన్నాడు. ఆడగుర్రం మీద జరీగుడ్డ కప్పారు కానీ, పెళ్ళికొడుకు దిగాక దాన్ని సర్దబోతే పక్కటెముకలు బయటపడ్డాయి. నేను జనంలోకి తప్పుకునేలోపు ఆయన చూశాడు. మొహం విప్పారింది.

"అయ్యా, మా గుర్రాలకి చోటు చూపించిన తల్లి ఈవిడే," అని పక్కనున్న హెడ్మాస్టరుగారికి చెప్పాడు. ఆయన నావైపు మెచ్చుకోలుగా చూశారు.

నోటికి ఏదో ఒకటి రావాలి కదా, "చిక్కిపోయిందేంటి బాబాయిగారూ?" అన్నాను. ఆ ప్రశ్న గుర్తొస్తే ఇవాళ్టికీ నాకు ఒళ్ళు కుంచించుకుపోతుంది.

"నీళ్ళు తాగట్లేదమ్మా. కొత్త మోటారు కూడా పెట్టించా. నా తప్పేనేమో. వాడుక తెలీక బోరు ఎక్కువ తోడేశానేమో. మీ అమ్మగారి నాటి నీళ్ళు నా చేతుల్లో పాడైపోయినాయేమోనని నాకే బెంగగా ఉందండి. మీకు మొహం ఎట్టా చూపించాలా అనుకుంటన్నా."

నాకు మొహం ఎలా చూపించాలా అని ఆయన అనుకుంటున్నాడు. ఆ పెళ్ళిలో నేను భోజనం చెయ్యకుండా రైలెక్కాను.

ఆ ఆదివారం మా ఆయనకు మాత్రం చెప్పి, బాపట్ల దాకా రైల్లో వెళ్ళి అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకున్నాను. పాక దగ్గర ఆయన లేడు. ఊళ్ళో కుళాయి నీళ్ళకి వెళ్ళాడట. భార్య ఉలవలు నానబెడుతోంది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను, నీళ్ళు ప్రతి వేసవిలో ఇలాగే అవుతాయని, నాకు ముందే తెలుసని.

ఆమె ఉలవలు కలుపుతూనే ఉంది.

"తెలుసమ్మా," అంది. "పక్క చెరువాయన మేం వచ్చిన మొదటి వారమే చెప్పాడు. ఈయన నమ్మితేగా? 'ఆవిడకి తెలిస్తే చెప్పేదే' అని ఆయన మీదికి పోట్లాటకెళ్ళాడు. ఇప్పటికీ వాళ్ళిద్దరికీ మాటల్లేవు."

ఇంతలో ఆయన మోపెడ్ మీద రెండు క్యాన్లు వేలాడేసుకుని వచ్చాడు. ఆయన దిగగానే అదే మాట మళ్ళీ చెప్పాను. ఆయన విన్నాడు. క్యాన్లు విప్పి తొట్టిలో పోశాడు. ముసలి గుర్రం ముందు తాగింది, తర్వాత ఆడగుర్రం. అవి తలెత్తేదాకా ఆగి అప్పుడు అడిగాడు.

"మీ అమ్మగారు నిజంగా తాగారా?"

"తాగిందండి. అప్పట్లో బాగుండేవి."

"ఊఁ. అయితే ఆ మాట అబద్ధం కాదన్నమాట."

నన్ను ఓదార్చడానికి అన్నది కాదది. నావైపు చూడను కూడా లేదు. కాలిపోయిన ఇంట్లో పనికొచ్చేదేమన్నా మిగిలిందా అని వెతుక్కునే మనిషిలా అన్నాడు.

భూమి వెనక్కి తీసుకుంటామన్నాను. మా ఆయన అప్పటికే ఆ మాటకి ఒప్పుకున్నారు.

"వద్దండి. అవి ఇక్కడ అలవాటు పడ్డాయి. మళ్ళీ తీసుకెళ్ళి స్తంభానికి కట్టలేను. మీరు ఎండన పడి వచ్చారు, ఇంక బయల్దేరండి," అన్నాడు.

అమ్మా అనలేదు. టీచరమ్మా అనలేదు. ఆ రోజు నుంచి ఆయన నన్ను "ఏవండీ" అనే పిలుస్తాడు. తిట్టి ఉంటే ఎన్నాళ్ళకో ఒకనాటికి మరిచిపోయేదాన్ని.

వానలు పడేలోపే ఆడగుర్రాన్ని అమ్మేశాడు. ఇప్పుడు ముసలిది ఒక్కటే ఉంది. దానికి కిరాయిలు తక్కువ. ఎండాకాలం మొదలవగానే దాన్ని చుండూరు అవతల భార్య తమ్ముడి తోటకి తోలుకుపోయి, తొలకరి పడ్డాక తిరిగొస్తారు. ఆ రెండు మూడు నెలలూ ఆ వయసులో వాళ్ళిద్దరూ ఒకరి పంచన ఉండాలి. మేము పై అంతస్తు వేసుకున్నాం. గృహప్రవేశానికి వాళ్ళను పిలవడానికి నాకు మొహం చెల్లలేదు.

మొన్న వేసవిలో వాళ్ళు బయల్దేరే రోజు తెలిసి వెళ్ళాను. ఎవరూ రమ్మనలేదు. మినీ వ్యాను రోడ్డు మీద ఆగి ఉంది. డ్రైవరు సామాను ఎక్కిస్తున్నాడు. వంట గిన్నెలు, పరుపుచుట్ట, ఉలవల బస్తా. వ్యానుకి ఏటవాలుగా వేసిన చెక్క ఎక్కనని గుర్రం మొరాయించింది. ఆయన వెనక నుంచి నెడుతున్నాడు, భార్య ముందు నుంచి పిలుస్తోంది. తాడు పట్టడానికి ఇంకో మనిషి కావాలి.

"ఏవండీ, కాస్త పట్టుకోండి," అన్నాడు.

నేనెప్పుడూ గుర్రాన్ని ముట్టుకుని ఎరగను. భయపడుతూ పట్టుకున్నాను. అది ఒకసారి గట్టిగా లాగేసరికి అరచెయ్యి చీరుకుంది. వదల్లేదు. రెండోసారికి అది ఎక్కింది. ఆయన నా చేతిలోంచి తాడు తీసుకుని లోపల కట్టి, తలుపు గొళ్ళెం వేసి, ముందు సీట్లో భార్య పక్కన కూర్చున్నాడు.

"వస్తామమ్మా," అంది ఆమె. ఆయన డ్రైవరుతో పోనిమ్మన్నాడు.