కర్టెన్ వెనక సారు

మా షాపులో పూల పూల కర్టెన్ ఒకటి ఉండేది. దాని ముందు మా ఆయన, వెనక నేను. ఇబ్రహీంపట్నం బస్ డిపో దాటాక, సాగర్ రోడ్డు మీద ప్లాట్ల ఆఫీసుల మధ్య ఇరుక్కున్న షట్టర్ అది. అందులో మేం కంప్యూటర్లు బాగుచేసేవాళ్లం. మేం అంటున్నాను గానీ, మా ఆయన సీపీయూ మూత విప్పి, దుమ్ము ఊది, మళ్లీ బిగించేవాడు. దుమ్ము కింద ఉన్న రోగం నా వంతు. నేను సిటీలో కంప్యూటర్ కోర్సు చేశానని పెళ్లిచూపుల్లో మా అత్తగారే నలుగురికీ గొప్పగా చెప్పుకుంది. పెళ్లయ్యాక ఆ కోర్సుకు కర్టెన్ కట్టారు.

కొత్తలో నేను కౌంటర్ దగ్గరే కూర్చున్నాను. వచ్చినవాళ్లు సీపీయూను చంకలోంచి దించేవారు కాదు. "సారు లేడా?" అనేవారు. నేనే చూస్తానంటే, "మల్లొస్త తియ్యి చెల్లె" అని పక్క షాపుకు పోయేవారు. అప్పుడు మా ఆయన ఈ ఉపాయం కనిపెట్టాడు. నేను లోపలికి జరిగాను. ఆయన బయట నుంచి, "సారూ, గిది సౌండ్ వస్తలేదంట" అని కేకేస్తే, అర్థమైందని నేను బల్ల మీద చప్పుడు చేయాలి. గొంతు మాత్రం వినపడకూడదు. ఇట్లా మొదలుపెట్టాక గిరాకీ ఆగలేదు.

అప్పట్లో రావిర్యాల, ఆదిబట్ల వైపు పొలాలన్నీ రాళ్లు పాతుకుని ప్లాట్లవుతున్నాయి. ఆ డబ్బుతో ప్రతి ఇంటి ముందూ కారు, లోపల కంప్యూటర్. కారు కొత్తది, కంప్యూటర్ మాత్రం సిటీ ఆఫీసులు వదిలించుకున్న పాతది. అన్నింట్లో విండోస్ తొంభై ఎనిమిదే. కంప్యూటర్‌కీ, దానికి తగిలించిన ప్రింటర్‌కో స్పీకర్‌కో మధ్య మాట కలిపే చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. ఆ పాత డబ్బాలతో డ్రైవర్ సీడీలు వచ్చేవి కావు. నేను టార్చి వేసి కార్డు మీద చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న నంబరు చదివి, ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి, దానికి సరిపడే డ్రైవర్ వెతికి ఫ్లాపీల్లో ఎక్కించుకొచ్చేదాన్ని. మూగ డబ్బా మాట్లాడితే నాకు పండగే. ఆ పండగ నేనొక్కదాన్నే చేసుకోవాలి.

"జర షాపుకు పేరు రానియ్యి. పేరొచ్చినంక నువ్వే ముందట కూసుందువు," అనేవాడు మా ఆయన. నేను నమ్మాను. ఆ మాట మీదే కర్టెన్ వెనక ఉక్కపోతంతా భరించాను.

ఒకరోజు రావిర్యాల వైపు నుంచి ఒక పటేల్ సీపీయూ పట్టుకుని వచ్చాడు. వాళ్ల నాన్న పోయి ఏడాది కావస్తోంది, సంవత్సరీకం దగ్గరపడింది. మనవరాలి పెళ్లిలో ఆ పెద్దాయన మాట్లాడిన వీడియో ఒకటుంది. ఆయన గొంతు ఉన్నది దాంట్లోనే. అది కంప్యూటర్‌ హార్డ్ డిస్క్‌లో డి డ్రైవ్ అనే భాగంలో ఉంది. ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు హార్డ్ డిస్క్ పట్టుకుపోయి తన కొత్త కంప్యూటర్‌కు తగిలించి, బాగుంటుందని డి డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే కొత్త పద్ధతిలోకి మార్చాడు. ఆ పద్ధతి తొంభై ఎనిమిదికి తెలీదు. తెచ్చి మళ్లీ బిగిస్తే డి డ్రైవ్ మాయం. డి అక్షరం సీడీ పెట్టే అరకు పోయి, అక్కడ నొక్కితే సీడీ పెట్టమని అడుగుతోంది. కుర్రాడు కంగారుపడి ఆ భాగం హద్దులు చెరిపేసి కొత్తగా గీశాడు. ఇక లోపలున్నదంతా తుడిచిపెట్టే ఫార్మాట్ కొట్టబోతుండగా కరెంటు పోయింది. ఆ ఇంటికి అదే శ్రీరామరక్ష.

"బాపు గొంతు గండ్లనే ఉన్నది. పోతే మల్ల యాడ దొర్కుతది?" అన్నాడు పటేల్ కర్టెన్ అవతల. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బల్ల మీద చప్పుడు చేయడం కూడా మరిచిపోయాను.

డిస్కును మా దగ్గరున్న కొత్త కంప్యూటర్‌కు తగిలించి వెతకడం మొదలుపెట్టాను. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు ఒక మంచి బుద్ధి ఉంది. లోపల ఏది ఎక్కడుందో చెప్పే తన మొదటి ముక్క, అంటే మొదటి సెక్టార్ నకలును చివర్లో దాచుకుంటుంది. డిస్కు చివరి నుంచి వెనక్కి వస్తూ, అంకెల మధ్య కళ్లు పోయేలా చూసి ఆ నకలు పట్టుకున్నాను. దాన్ని మొదట్లో రాసి, చెరిగిన హద్దులు తిరిగి గీశాను. ఫోల్డర్లన్నీ కనిపించాయి. అన్నీ వేరేచోట దాచి, డి డ్రైవ్‌ను తొంభై ఎనిమిదికి తెలిసిన పాత పద్ధతిలో మళ్లీ తయారుచేసి, అందులో పెట్టాను. డిస్కును మళ్లీ పటేల్ సీపీయూలో బిగిస్తే వీడియోలో బొమ్మ వచ్చింది, సౌండ్ లేదు. కుర్రాడి ప్రయోగాల్లో సౌండ్ కార్డు డ్రైవర్ కూడా పోయింది. మళ్లీ టార్చి, మళ్లీ ఇంటర్నెట్ సెంటర్.

చివరికి స్పీకర్‌లో ఒక ముసలి గొంతు పలికింది. "తిన్నరా అందరు? ఆకలితోని ఎవ్వలు పోవద్దు." నేనెన్నడూ చూడని మనిషి. అయినా ఏడ్చాను.

సంవత్సరీకం అయ్యాక పటేల్ బంధువులను వెంటబెట్టుకుని శాలువా, పూలదండ, స్వీటు డబ్బాతో వచ్చాడు. "సారును బైటికి విల్వు. ఇయ్యాల సన్మానం చెయ్యకుంట పోను," అన్నాడు. మా ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డట్టున్నాడు. నేను లేచాను. కొంగు సర్దుకున్నాను, నుదుటి చెమట తుడుచుకున్నాను. కర్టెన్ కదిలి మా ఆయన లోపలికి వచ్చాడు. నన్ను పిలవడానికే అనుకున్నాను. వెనక తలుపులోంచి అన్నం డబ్బా తెచ్చిన మా మరిది అక్కడే ఉన్నాడు. మా ఆయన వాడి జబ్బ పట్టుకున్నాడు.

"జర నువ్వు నడువురా." నావైపు చూడకుండానే, "ఇప్పుడు నిజం జెప్తె పటేల్ ముంగట నా ఇజ్జత్ ఏమైతది?" అన్నాడు.

మా మరిది డిగ్రీ అయిందనిపించి ఖాళీగా తిరుగుతున్నాడు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటూ "అవ్, అవ్" అంటుంటే శాలువా కప్పారు. పటేల్ వాడిని కావలించుకుని ఏడ్చాడు. తనకు వాటా ఉన్న కాలేజీలో ల్యాబు చూసుకొమ్మని అక్కడికక్కడే కొలువు ఇచ్చాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అది నేను కర్టెన్ సందులోంచి చూశాను.

సాయంత్రం ఇంట్లో నిలదీశాను.

"కొలువు ఇంట్లకే వచ్చె గదనే. బైటోనికి వోయిందా?" అన్నాడు మా ఆయన.

"మరి నేను ఇంట్లదాన్ని గానా?"

ఆయన టీవీ పెట్టుకున్నాడు.

మరిది చెడ్డవాడు కాదు. శాలువా తెచ్చి, "వదినా, గిది నీదే," అన్నాడు. చలికాలం వస్తోందని మా అత్తగారు దాన్ని పెట్టెలో పెట్టుకుంది. తర్వాత రోజూ ల్యాబు బయటికొచ్చి వాడు గుసగుసగా ఫోన్ చేసేవాడు. "వదినా, తెర మీద ప్రింటర్ పేరు పక్కన పసుప్పచ్చ ప్రశ్నగుర్తు వచ్చింది, ఏం జెయ్యాలె?" అది డ్రైవర్ లేదనే గుర్తు. చేతిలో పని ఆపి చెప్పేదాన్ని.

ఒక ఉదయం షాపు తీయగానే కర్టెన్ పీకి మడతపెట్టి, కౌంటర్ దగ్గర కూర్చున్నాను. మా ఆయన చూసి పక్కన స్టూల్ వేసుకున్నాడు. మొదట వచ్చింది ఆ పటేలే. సీపీయూ కౌంటర్ మీద పెట్టి, మళ్లీ సౌండ్ పోయిందన్నాడు.

"నేనే చేస్త పటేలా. అప్పుడు చేసింది గూడ నేనే," అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు, అదే నన్ను కాల్చింది.

"నమ్ముతలేవా? ‘తిన్నరా అందరు, ఆకలితోని ఎవ్వలు పోవద్దు’ అన్నడు మీ బాపు. వీడియో బాగైనంక మీకంటె ముందు నేనే విన్న."

పటేల్ ముఖం మెత్తబడింది. "సారు నీకు గూడ వినిపిచ్చిండా బిడ్డా? మంచోడు." సీపీయూను మళ్లీ చంకకెత్తుకున్నాడు. "గిండ్ల మా బాపు ఉన్నడు. ఎవలి చేతులల్లనంటె వాళ్ల చేతులల్ల వెట్టలేను. ఆయితారం కాలేజీకి సెలవు, సారు ఇంటికాడ ఉంటడు గద, అప్పుడు తెస్త."

మెట్లు దిగి కారు దాకా నడిచాడు. సీపీయూను ముందు సీట్లో పెట్టి, పడిపోకుండా బెల్టు కట్టాడు. కారు కదలడానికి చాలాసేపు పట్టింది. మా ఆయన నా పక్కనే స్టూల్ మీద కూర్చుని ఉన్నాడు. కౌంటర్ మీది దుమ్ము ఊదుతున్నాడు.