చేదు తెలియని మొహం

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ జల్లెడక్కే. ఇళ్ళ కిటికీలకు బిగించే గాలిగుడ్డల్ని ఉతకడం, చిల్లులు వెతికి రఫ్ఫు చెయ్యడం, మళ్ళీ చట్రాలకు ఎక్కించి ఇవ్వడం ఆమె పని. ఆ నగరంలో గాలిని గుడ్డతో వడకట్టుకోకుండా పీల్చే ధైర్యం ఎవరికీ లేదు. ముత్తాతల ముత్తాతలు భూమిని తవ్వి పోసిన లోహపు పొడి ఇప్పటికీ ఎర్రగా ఎగురుతూనే ఉంది.

పుట్టబోయే ప్రతి బిడ్డకూ సర్కారు దిద్దుబాటు కేంద్రంలో బీజంలోనే కళ్ళు దిద్దుతారు, పళ్ళు దిద్దుతారు, గుండె దిద్దుతారు. దుమ్ముకు తట్టుకునేలా ఊపిరితిత్తుల్ని దిద్దడం మాత్రం ఇంతవరకూ ఎవరికీ చేతకాలేదని బడిలో చెబుతారు. జల్లెడక్క అదే నమ్మింది. భర్త దగ్గీ దగ్గీ పోయిన రోజున కూడా అదే నమ్మింది. కూతురు మొదటిసారి దగ్గి, నోటికి అడ్డం పెట్టుకున్న రుమాలు మీద ఎర్రటి చార చూపించి, "అమ్మా, బొమ్మ గీశాను" అన్నప్పుడు ఆమె కాళ్ళ కింద నేల కదిలింది.

ఆ పిల్లను ఇంట్లో పిచ్చుక అంటారు. ఆరేళ్ళది. పిడికెడు మనిషి, గంపెడు మాటలు. దగ్గు మొదలయ్యాక మాటల మధ్య ఆగి ఊపిరి తీసుకోవడం నేర్చుకుంది.

ఉతుకుడు షెడ్డు చివర ఒక గాజుబల్ల ఉంటుంది. కింద దీపం. ఆరిన గుడ్డను దానిమీద పరిస్తే చిల్లు ఎక్కడున్నా వెలుగుచుక్కలా బయటపడుతుంది. ఎవరి గుడ్డో చూడగానే చెప్పేస్తుందామె. అంచున నూనెమసి ఉంటే అది వంటింటి కిటికీది. కింది మూలలో వేళ్ళు దూరేంత చిల్లుంటే ఆ ఇంట్లో చంటిపిల్లాడున్నట్టు. ఒక మధ్యాహ్నం దర్జీ ఇంటి గుడ్డ పరిచింది. బెత్తెడు చిరుగు. అంతవరకూ వింతేమీ లేదు. కానీ చిరుగు అంచులు అరిగి నున్నగా అయిపోయాయి. ఉతికినా పోని దుమ్ము బయటివైపు కంటే లోపలివైపే ఎక్కువ పట్టింది. అంటే ఏళ్ళ తరబడి ఆ ఇంట్లోకి దుమ్ము దర్జాగా వచ్చిపోతోంది. పొద్దస్తమానం సూది పట్టుకు కూర్చునే మనిషి తన కిటికీకి నాలుగు కుట్లు వేసుకోలేదు.

ఆ ఇంట్లో ఒక్కరికి కూడా దగ్గు లేదు.

గుడ్డను చంకలో పెట్టుకుని తిన్నగా దర్జీ కొట్టుకు పోయింది.

"అన్నా, మీ కిటికీ గుడ్డ చిరిగి ఎన్నాళ్ళయింది?"

"చిరిగిందా? చూడనేలేదక్కా. పని ఒత్తిడి."

"రెండేళ్ళ చిరుగిది. మీ ఆవిడ కడుపుతో ఉంది. మీ అమ్మ ఈ వయసులో మెట్లు ఎక్కి దిగుతోంది. ఎవరికీ చిన్న దగ్గు కూడా లేదు."

కుట్టుమిషను ఆగింది. "అదృష్టం అక్కా."

"మరి ఆ అదృష్టం మా పిచ్చుకకూ ఇంత పెట్టు. లేదంటే ఈ గుడ్డ పట్టుకుని వీధి వీధీ తిరిగి అందరికీ చూపిస్తాను."

పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ బెదిరించి ఎరగదు. అయినా దర్జీ లేచి షట్టరు సగానికి దించాడు.

మూసినిల్లు అనే మాట ఆ నగరంలో అందరూ వాడేదే. ఎవడైనా చెప్పకుండా ఏదైనా చేస్తే, "ఏంట్రా, మూసినింట్లో చేరావా?" అని ఏడిపిస్తారు. అదొక వేళాకోళం తప్ప నిజంగా అలాంటి మనుషులున్నారని జల్లెడక్క ఏనాడూ అనుకోలేదు.

"ఉన్నాం," అన్నాడు దర్జీ, గొంతు బాగా తగ్గించి. "మా పిల్లల ఊపిరితిత్తుల్ని కడుపులో ఉండగానే మావాళ్ళే దిద్దుకుంటారు. సర్కారుకు తెలీదు. పుట్టాక ఇవ్వడానికీ ఒక మందుంది. గొట్టంలోంచి పీల్పిస్తారు. మాలోంచి విడిపోయినవాళ్ళ పిల్లలు ఎవరైనా దొరికితే వాళ్ళకిస్తారు."

"మా పిచ్చుకకూ ఇప్పించు."

"ఊరికే ఇవ్వరక్కా. పరీక్షుంటుంది. గిన్నెలో ఒక పొడి కలిపి తాగమంటారు. మీ నాలుకకది విషమంత చేదు. మాకు ఉత్త నీళ్ళు. పుట్టుకతోనే మాకా చేదు తెలీదు. అదే మా గుర్తు." షట్టరు వైపు ఒకసారి చూశాడు. "మా చెల్లెలు ఇల్లొదిలి పోయి ఎక్కడో చచ్చిపోయింది. మీ పిల్ల దాని కూతురని, నువ్వు పెంచుకుంటున్నావని చెప్తాను. కానీ మీ పిల్ల మొహం కాస్త చిట్లించినా మీరూ అయిపోయారు, నేనూ అయిపోయాను. నాకు పుట్టబోయేదానికి ఇంకా దిద్దుబాటు కాలేదు. గుర్తుపెట్టుకో."

గుప్పెడు పొడి కాగితంలో మడిచి ఇచ్చాడు.

ఇంట్లో అందరికంటే ముందు రుచి చూసింది అత్త. వద్దన్నా వినలేదు. ఆవిడ దిద్దుబాట్లు ఇంకా ఖరీదుగా ఉన్న రోజుల్లో పుట్టిన మనిషి, ఒంట్లో ఏదీ దిద్దించుకోలేదు. "నన్నెవరూ దిద్దలేదు, అందుకే నా నోరిలా తయారైంది," అని తనమీద తనే నవ్వుకుంటుంది. చెంచాడు నోట్లో పోసుకోగానే మొహం పిండిన గుడ్డలా అయిపోయింది. పిచ్చుక పడీ పడీ నవ్వింది.

"ఏమే, కన్నతల్లివేనా నువ్వు? దీన్ని పసిదానికి పట్టిస్తావా?" అంది అత్త, నాలుక తుడుచుకుంటూ.

"మీ అబ్బాయిని నా ఒళ్ళోనే పోగొట్టుకున్నాను అత్తయ్యా. దీన్ని కూడా పోగొట్టుకోమంటారా?"

అత్త పంచదార బిళ్ళల సీసా తెచ్చి కోడలి పక్కన పెట్టింది.

ఆ చేదు తాగడానికి బొమ్మాట అని పేరు పెట్టారు. పిచ్చుకే బొమ్మ. బొమ్మకు చేదు తెలీదు, బొమ్మ మొహం మారదు. మారకుండా తాగితే అరచేతిలో పంచదార బిళ్ళ. మొదట్లో పిల్ల వాంతి చేసుకుంది. తర్వాత కళ్ళలో నీళ్ళు ఆగేవి కావు. జల్లెడక్క ఆ నీళ్ళు తుడిచి, గుండె రాయి చేసుకుని, మళ్ళీ గిన్నె నింపేది. రోజులు గడిచేకొద్దీ పిల్ల మొహంలోంచి ఒక్కొక్కటే మాయమైంది. ముందు పెదవుల వంకర, తర్వాత కనుబొమ్మల ముడి, ఆఖరికి గొంతులో గుటక చప్పుడు కూడా. అలా గెలిచిన రోజున తల్లి బిడ్డను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. ఆ ఇంట్లో చాలాకాలం తర్వాత నవ్వులు వినిపించాయి.

దర్జీ వాళ్ళను తీసుకెళ్ళింది ఒక రొట్టెల దుకాణం మీది గదికి. పట్టపగలు. కింద జనం వరసలో నిలబడి రొట్టెలు కొంటున్నారు. పైన ఒక బల్ల, మూడు కుర్చీలు, బార్లా తెరిచిన కిటికీ. దానికి గుడ్డ లేదు. జల్లెడక్క చెయ్యి తనంతట తనే వెళ్ళి పిచ్చుక ముక్కు మూసింది. తెలివి తెచ్చుకుని, జుట్టు సవరిస్తున్నట్టు నటించి చెయ్యి దించింది. కిటికీ గట్టు మీద వేలెడు మందాన ఎర్రటి పొడి. దాని పక్కనే కూర్చుని ఒక ముసలావిడ చీడపీడల్లేని ఊపిరితో హాయిగా గిన్నె తుడుస్తోంది. దర్జీ ఆవిడను పెద్దమ్మ అన్నాడు.

"రా తల్లీ. దాహంగా ఉందా?" అంది పెద్దమ్మ.

పిచ్చుక గిన్నె రెండు చేతులా పట్టుకుని తాగింది. మధ్యలో ఆగలేదు. మొహం తెల్లకాగితంలా ఉంది. గిన్నె బల్లమీద పెట్టింది. పెద్దమ్మ తల ఊపి సొరుగులోంచి వేలంత గాజుగొట్టం తీసింది. దర్జీ ఊపిరి వదలడం వినిపించింది. జల్లెడక్కకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు పిచ్చుక తల్లివైపు తిరిగి అరచెయ్యి చాపింది.

పంచదార కోసం. తాగిన ప్రతిసారీ చాపినట్టే.

పెద్దమ్మ ఆ చిన్న చేతిని చూసింది, తర్వాత తల్లిని.

"నీళ్ళు తాగినందుకు మా పిల్లలెవరూ బహుమానం అడగరమ్మా," అంది మెల్లగా. "ఎన్నాళ్ళు నేర్పావు?"

దర్జీ అప్పటికే గోడకు అతుక్కుపోయాడు. "నాకేం తెలీదు పెద్దమ్మా! మా చెల్లెలి కూతురే అంది, నమ్మాను."

"నీ సంగతి తర్వాత."

జల్లెడక్క ఆవిడ కాళ్ళు పట్టేసుకుంది. "అమ్మా, నన్నేమైనా చెయ్యండి. దానికి మాత్రం ఇవ్వండి. మీ గుట్టు నాతోనే మట్టిలో కలిసిపోతుంది."

"లే. గుట్టు గురించి కాదు. నాలుక మీద చేదును పట్టే కణాలే ఊపిరితిత్తుల్లోనూ ఉంటాయి. చేదు తెలిసే ఊపిరి ఈ మందును పగవాడనుకుంటుంది. లోపల వాచిపోతుంది. ఒకప్పుడు మావాళ్ళు దీన్ని అడిగినవాళ్ళందరికీ ఇచ్చారు. పిల్లలు పోయారు. జనం మామీద పడ్డారు. మేం తలుపులు మూసుకున్నది అప్పుడే."

"అబద్ధం!"

"కావచ్చు. నువ్వు ఇంత అబద్ధం చంకనెత్తుకుని వచ్చావు. నేనొకటి చెప్పకూడదా?" పెద్దమ్మ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. గాజుగొట్టాన్ని బల్ల అంచుకు జరిపింది. "నమ్మకపోతే తీసుకో. ఇక్కడే పీల్పించు. ఆపను. నిన్ను ఆపి, నేను చెప్పింది నిజమని ఎలా నిరూపించను?"

జల్లెడక్క దర్జీని చూసింది. "అన్నా, నీ బిడ్డ మీద ఒట్టు. నిజమేనా?"

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తెలీదక్కా. మాకు కూడా అన్నీ చెప్పరు."

గొట్టం చేతిలోకి తీసుకుంది. చల్లగా, ఏమీ లేనంత తేలిగ్గా ఉంది. ఇవ్వకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. భర్తతో పాటు అంతా దగ్గరుండి చూసింది. ఇస్తే ఏమవుతుందో తెలీదు. తెలియనిదే మేలని మనసు ఒకటే పోరింది. కాస్త పీల్పించి చూద్దాం, బాధపడితే వెంటనే లాగేద్దాం అనుకుంది. బిడ్డ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

పిచ్చుక నోరు తెరిచింది. మొహం మళ్ళీ తెల్లకాగితమైపోయింది.

"పిచ్చుకా, ఇది పీలిస్తే నొప్పి పుట్టిందనుకో. అమ్మకు వెంటనే చెప్పాలి. చెప్తావు కదూ?"

"చెప్పను," అంది పిల్ల గొప్పగా. "బొమ్మ చెప్పదు కదా."

"ఇది ఆట కాదు తల్లీ. నిజంగా చెప్పాలి."

"నువ్వు అలాగే అంటావు. నేను ఓడిపోను."

జల్లెడక్క బిడ్డ మొహంలోకి చూసింది. అక్కడ ఆమె చదవగలిగేది ఏదీ లేదు. ఉన్నదంతా తనే తుడిచేసింది. గొట్టాన్ని బల్లమీద పెట్టి, పిల్లను భుజానికెత్తుకుని మెట్లు దిగింది. సందు మలుపు దాటేదాకా ఏడవలేదు.

"నేను బాగానే తాగాను కదా, మరి బిళ్ళేది?" అంటూనే ఉంది పిచ్చుక, దారంతా.

ఆ సాయంత్రం మిగిలిన పొడి కలిపింది. ముందు తను తాగి, కావాలని మొహమంతా వంకర్లు తిప్పింది. అత్త కూడా తాగి కళ్ళు మూసుకుని కేకలు పెట్టింది. "ఇప్పుడు నువ్వు. ఈసారి చేదంటేనే బిళ్ళ," అంది తల్లి.

పిచ్చుక వాళ్ళిద్దర్నీ అనుమానంగా చూసింది. ఇది కొత్త ఆట కాదు, పాత ఆటనే కష్టం చేశారనుకుంది. గిన్నె ఖాళీ చేసింది. "చేదుగా లేదు."

"ఉంది తల్లీ. చేదుగానే ఉంది. ఉమ్మెయ్యి. కేక పెట్టు. ఏడ్చెయ్యి!"

ఆ కంగారు చూసి పిల్లకు నవ్వొచ్చింది. నవ్వులోంచి దగ్గు లేచింది. అది తగ్గేదాకా తల్లి వీపు నిమురుతూ ఉంది. చేతి కింద పక్కటెముకలు ఒక్కొక్కటీ తగులుతున్నాయి. తగ్గాక రుమాలు మీద చార ఎప్పటికంటే వెడల్పుగా ఉంది.

"నొప్పిగా ఉందా తల్లీ? ఎక్కడుంది? అమ్మకు చెప్పు."

పిచ్చుక మూతి తుడుచుకుంది. మొహంలో ఏ గీతా కదల్లేదు.

"లేదమ్మా," అని అరచెయ్యి చాపింది.