మావయ్యగారు ఎంచిన సబ్ వూఫర్

ఈ రోజు కారుకి సబ్ వూఫర్, అదే బేస్ స్పీకరు, పెట్టించడానికి ఏలూరు వెళ్తూ మా మావయ్యగారిని కూడా తీసుకెళ్ళాను. వినికిడి బాగా తగ్గాక ఆయన పాటలు వినడం మానేశారు.

షాపాయన ఒకే పాటని పది అంగుళాల దాంట్లోనూ, పన్నెండు అంగుళాల దాంట్లోనూ వినిపించారు. నాకు పెద్దగా తేడా తెలియలేదు. మావయ్యగారు మాత్రం రెండు పెట్టెల మీదా అరచెయ్యి ఆనించి చూశారు.

"ఈ పెద్దది బిగించండి. డోలు దెబ్బ చేతికి తెలుస్తోందండీ," అన్నారు.

దాన్నే డిక్కీలో బిగించి, సీట్లో అదురు తెలిసేదాకా బేస్ పెంచారు. తిరిగి వస్తుంటే మావయ్యగారు వెనక సీట్లోంచి, "ఇంకో పాట పెట్టమ్మా," అన్నారు. మా దెందులూరు మలుపు వచ్చినా కారు తిప్పకుండా హైవే మీద ముందుకే పోనిచ్చాను.

ఆ అదురుకి నంబరు ప్లేటు గడగడలాడుతోంది, అది రేపు చూసుకుంటాను. డోలు గట్టిగా మోగే పాటలు మీకేమైనా తెలిస్తే చెప్పండి.