నేల ఇంజన్

జడ్చర్లకు కొద్ది దూరంలో ఏటా జరిగే జాతర గురించి అడిగితే అందరూ రథం గురించో పశువుల సంత గురించో చెప్తారు. పశువులన్నీ అమ్ముడై వెళ్లిపోయాక, అదే బీడులో, పేడ ఇంకా ఆరకముందే పరుచుకునే ఇనుప సంత గురించి ఎవరూ చెప్పరు. నేను చెప్తాను. అక్కడ నాకు జరిగిన అవమానం కూడా చెప్తాను. అవమానాన్ని పక్కనపెట్టి అద్భుతాన్ని మాత్రమే చెప్పడం నాకు చేతకాదు.

అరవైల మొదటి సంవత్సరాల మాట. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగి తిరిగి వేలంలో అమ్ముడైన మిలిటరీ లారీలు, నిజాం కాలపు బస్సులు, దొరల గడీలలో మూలకు పడ్డ కార్లు అన్నీ ఆ బీడుకు ముక్కలు ముక్కలుగా చేరేవి. గోనెపట్టాల మీద గేరు చక్రాలు, స్టీరింగులు, రబ్బరు బుడ్డి హారన్లు, ఇత్తడి రేడియేటర్లు. ఒకచోట హెడ్‌లైట్లు మాత్రమే వరసగా పేర్చి ఉండేవి. పొద్దున్నే సూర్యుడు వాటిలో పడితే కండ్లు తెరిచిన మంద ఏదో మనకేసి చూస్తున్నట్టుండేది. నేను వ్యవసాయదారుణ్ణి. ఎద్దును విప్పి ఇన్ని ముక్కలు చేసి మళ్లీ నిలబెట్టడం దేవుడికి కూడా రాదని తెలిసినవాణ్ణి. ఇనుముకు ఆ వరం ఉందని అక్కడ మొదటిసారి చూసి నోరు తెరిచాను.

మాది కేతేపల్లి పక్క ఊరు. అన్నా నేనూ రెండు జతల ఎద్దులనమ్మి ఒక పాత అమెరికా లారీ కొన్నాం. వడ్లకూ పల్లికాయకూ కిరాయిలు బాగానే దొరికాయి. ఒక ఎండాకాలం దాని డిస్ట్రిబ్యూటర్ వైర్లతో సహా కాలిపోయింది. ఇంజనుకు నిప్పురవ్వలు పంచే ఆ చిన్న గుండ్రటి పెట్టెను డ్రైవర్లు కరెంటు డబ్బా అనేవాళ్లు. అది లేకుంటే లారీ ఇనుప కొట్టమే. హైదరాబాదులో దొరకలేదు. జాతరలో దొరుకుతుందని ఎవరో చెప్తే పోయాను.

దొరికింది. అమ్మేవాడు ఒకప్పుడు ఎడ్ల దలాలీ చేసినవాడు, తలకు ఎర్ర రుమాలు చుట్టుకున్న మనిషి. ఎడ్లు పోయి లారీలొచ్చాక తనూ ఇనుములోకి మారాడట. మాటతీరు మాత్రం ఎడ్ల సంతలోదే. నేను మర్యాదగానే అడిగాను, "జర నడిపి చూపెట్టరాదే" అని.

వాడు చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేట్టు, "ఏం పటేలా, లగ్గం కాకముందే పిల్లను కాపురానికి తోలమంటవా?" అన్నాడు.

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. బుడ్డి హారన్లు అమ్మే మనిషి అందరికంటే ఎక్కువ నవ్వాడు, నవ్వుతూనే హారన్ ఒకటి నొక్కాడు. అది నేను మరిచిపోలేదు.

నడిపి చూడకుండానే డబ్బా కొని తెచ్చి, నల్లగొండ నుంచి బస్సుల మెకానిక్‌ను పిలిపించి బిగించాం. కొత్త వైర్లు వేయించాం. ఇంజన్ దగ్గింది, వెనక్కి తన్నింది, పొగ కక్కింది, అంతేగాని పట్టుకుని నడవలేదు. విప్పి బిగించాం, మళ్లీ విప్పాం. చివరకు మెకానిక్, "డబ్బానే ఖరాబు" అని చేతులు కడుక్కున్నాడు. లారీ పెరట్లో ఏడాదంతా నిలబడింది. టైర్ల కింద కోళ్లు గుడ్లు పెట్టాయి. పెద్దవాడు గనక అన్న మాటే మా ఇంట్లో చివరి మాట. "గీ జాతర దాకా సూస్త. నువ్వు వచ్చేనాటికి పాత ఇనుమోళ్లను పిలిచిపెడ్త. నడిస్తె నీది, లేకుంటె తూకానికి పోతది" అన్నాడు.

అందుకని ఆ డబ్బాను సంచిలో కట్టుకుని మళ్లీ బయల్దేరాను. ఒళ్లో పెట్టుకున్న సంచికి కూడా బస్సు కండక్టరు సామాను టికెట్టు కొట్టాడు. నేను హైదరాబాదు దాకా వాడితో వాదించాను. అదీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఎర్ర రుమాలు మనిషి అదే చోట కూర్చుని ఉన్నాడు. సంచి విప్పి డబ్బా అతని ముందు పెట్టాను. "నీ డబ్బా పనిచెయ్యదు. బదులియ్యి" అన్నాను.

"ఏడాది సంసారం చేసినంక తెస్తివా పటేలా?"

"మాటలొద్దు. బదులియ్యి."

నాకు కోపం వస్తే గొంతు లేస్తుంది. జనం చేరారు. బుడ్డి హారన్ల మనిషి కూడా వచ్చాడు. అప్పుడు ఒక ముసలి మిస్త్రీ జనంలోంచి ముందుకొచ్చి డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు. సంతకు పెద్ద ఆయనే. ఆయన మాటను వ్యాపారులెవరూ దాటరు. "కొట్లాట ఎందుకు పటేల్ సాబ్? నేల ఇంజన్ ఉన్నది కదా" అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడే తెలిసింది. పోయినేడు నాకు ఒక్కడు కూడా చెప్పలేదు. బీడు నడిమధ్యన రైలు పట్టాల కింద వేసే దుంగల మీద ఒక ఇంజన్ ఉండేది. లారీ లేదు, చక్రాలు లేవు, రేడియేటర్ లేదు, ఉత్త ఇంజన్. సంత మొదలైన రోజు ప్రతి వ్యాపారీ తన కుప్పలోంచి ఒక్కో సామాను ఇస్తే అందరూ కలిసి దాన్ని నిలబెడతారు. సంత ముగిసిన రోజు ఎవరి సామాను వాళ్లు విప్పుకుపోతారు. ఏ సామాను మీద ఫిర్యాదు వచ్చినా దాన్ని ఆ ఇంజనుకే బిగించి చూస్తారు. ఇంజన్ పట్టుకుంటే ఫిర్యాదు కొట్టేసినట్టే, సామాను తలకెత్తుకుని పోవాలి. పట్టుకోకుంటే అమ్మినవాడి కుప్పలోంచి నచ్చినది ఏరుకోవచ్చు.

"అయితే ఒక్కటి. ఫిర్యాదు ఉన్నోడే హ్యాండిల్ కొట్టాలె. లేకుంటె సరిగ కొట్టలేదంటడు" అన్నాడు మిస్త్రీ.

ఎర్ర రుమాలు మనిషి, "జర పైలం పటేలా, అది తన్నితె మణికట్టు ఇరుగుతది. మళ్ల దాని మీద గూడ ఫిర్యాదు తెస్తవు" అన్నాడు. మళ్లీ నవ్వు.

మిస్త్రీ డబ్బా బిగించాడు. ఒక్కొక్క వైరూ దాని చోట పెట్టాడు. ఒక మనిషి బకెట్టుతో నీళ్లు పట్టుకుని నిలబడ్డాడు. నేను కండువా నడుముకు చుట్టుకుని ఇంజన్ తిప్పే ఇనుప హ్యాండిల్ పట్టుకున్నాను. ఉన్న మాట చెప్తాను, ఇంజన్ పట్టుకోవద్దని దేవుడికి మొక్కుకున్నాను. పట్టుకోకుంటే ఆ కుప్పలో ఇంకో డబ్బా నాది, లారీ నాది, పరువు నాది.

మొదటిసారి తిప్పాను. ఇంజన్ ఊపిరి పీల్చి వదిలింది. "చూసిండ్రా" అన్నాను. మిస్త్రీ చేత్తో మళ్లీ అని సైగ చేశాడు. రెండోసారి నా కోపమంతా భుజంలో పెట్టి తిప్పాను.

పట్టుకుంది.

ఆ చప్పుడు ఎట్లా చెప్పను? సైలెన్సర్ లేదు కదా, ఇంజను పక్కనున్న రంధ్రాల్లోంచి నీలి మంటలు నాలుకల్లా బయటకొచ్చి లోపలికి పోతున్నాయి. దుంగలు వణికాయి. ఆ వణుకు నేలలోకి దిగి నా అరికాళ్లలోంచి మోకాళ్ల దాకా వచ్చింది. అంతలో ఇంకొకటి జరిగింది. బీడంతా గోనెపట్టాల మీద పరిచిన సామాన్లు మోగడం మొదలుపెట్టాయి. గేరు చక్రాలు, బోల్టులు, మడ్‌గార్డులు, అద్దాలు, ఏళ్ల కింద ఆగిపోయిన బండ్ల ముక్కలు, వేటికవే సన్నగా గలగలమంటున్నాయి. హెడ్‌లైట్ల వరసలో వెలుగు వణికింది. ఒక ఇంజన్ లేస్తే చచ్చిన బండ్లన్నీ మేమూ ఉన్నామని పలికినట్టుంది. బేరాలు ఆగిపోయాయి. డ్రైవర్లు రుమాళ్లు తీసి చేత పట్టుకున్నారు. నవ్వినవాళ్లు నవ్వు మరిచిపోయారు. నేను ఓడిపోయానన్న సంగతి నాకు చాలాసేపు గుర్తు రాలేదు. హ్యాండిల్ ఇంకా చేతిలోనే ఉంది, కండ్లలో నీళ్లున్నాయి. పొగకు అనుకున్నారు, అనుకోనిచ్చాను.

కండ్లు తుడుచుకుని చూస్తే వైర్లు కనపడ్డాయి. డబ్బా నుంచి ఇంజనుకు పోయే నాలుగింటిలో రెండు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోతున్నాయి. మా లారీకి అట్లా లేవు. మిస్త్రీ చెవి దగ్గరకు పోయి అరిచాను, "గీ రెండు అడ్డం ఎందుకు పడ్డయి?"

"అమెరికా ఇంజన్ సాబ్! నిప్పు అందుకునే వరస దీనికి వేరే. ఇంగ్లీషు బస్సుల లెక్క కడితే దగ్గుతది గని నడవది."

నాకు నల్లగొండ మెకానిక్ గుర్తొచ్చాడు. జీవితమంతా బస్సుల మీద పనిచేసినవాడు, ఆ వరసే కట్టాడు. తిరిగి ఎర్ర రుమాలు మనిషి వైపు చూశాను. "నీకు ఎరికేనా గీ సంగతి?"

"ఎరికె లేకేంది?"

"మరి పోయినేడు ఎందుకు చెప్పకపోతివి?"

"నువ్వు అడుగకపోతివి."

"నడిపి చూపెట్టుమని అడిగిన! నడిపితే వైర్లు కనపడకపోవునా?"

  వాడు ఇంజన్ ఆపి, డబ్బా విప్పి, వేడి చల్లారకముందే నా సంచిలో పెట్టాడు. "నీ డబ్బా మంచిది పటేలా, తీస్కపోయి బిగించుకో" అన్నాడు. తప్పయిందని మాత్రం అనలేదు. అక్కడి ఆచారం ప్రకారం ఫిర్యాదు కొట్టేశారు. నా ప్రకారం కొట్టేయలేదు.

ఇంటికి వచ్చేసరికి పాత ఇనుమువాళ్ల బండి పెరట్లో ఆగి ఉంది. ఒకడు మా లారీ తలుపును అప్పుడే పట్టుకారుతో గెలుకుతున్నాడు. తలుపు మీద చెయ్యి తీయమన్నాను. ఎవరితోనూ ఇంకో మాట మాట్లాడకుండా బానెట్ ఎత్తి, డబ్బా బిగించి, ఆ రెండు వైర్లూ అడ్డం మార్చి, హ్యాండిల్ కొట్టాను.

కోళ్లు లేచిపోయాయి. ఇనుమువాడు పట్టుకారు జారవిడిచాడు. అన్న వచ్చి మడ్‌గార్డు మీద అరచెయ్యి పెట్టాడు. తర్వాత మెల్లగా క్యాబినెక్కి కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు. శాభాష్ అంటాడనుకున్నాను. తప్పు నాదిరా తమ్మీ అంటాడనుకున్నాను.

"వట్టిగ పెట్రోలు కాలుతాంది. ఆపు" అన్నాడు.

నేను ఆపలేదు. అన్నా దిగలేదు.