మొద్దు పళ్ల చైను

అలసిపోవడానికి వయసు మీద పడనక్కర్లేదని ఆ రోజుల్లో, తాడేపల్లిగూడెంలోనే నాకు తెలిసింది. డిగ్రీ అయ్యాక, ఉద్యోగం దొరికేదాకా అనుకుని మావయ్య దుకాణంలో చేరాను. (ఆ ఉద్యోగం ఇంకా దొరకలేదు.) చెట్లు కోసే చైన్‌సాలు అద్దెకివ్వడం, అడిగినచోటికి వెళ్లి కోసిపెట్టడం మా పని. చైన్లు రెండు రకాలు. పళ్ల మూలలు పదునుగా ఉండేది చెక్కలోకి చకచకా దిగుతుంది కాని, మట్టి తగిలితే ఇట్టే అరిగిపోతుంది. మూలలు గుండ్రంగా ఉండేది నెమ్మదిగా కోస్తుంది, మట్టిని ఓర్చుకుంటుంది. మావయ్యకు మొదటిదంటే ప్రాణం. రెండోదాన్ని మొద్దు పళ్లదని పిలిచి, సంచి అడుగున పడేసేవాడు.

ఒక వేసవి ఉదయం కొల్లేరు వైపు నుంచి కబురొచ్చింది. కాలువ మీద వంతెనగా వేసిన పాత తాటిదుంగ జారి, చేపల చెరువులోకి నీళ్లొచ్చే తూముకు అడ్డంగా బురదలో దిగబడిందట. మేం వెళ్లేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. మధ్యాహ్నంలోగా కొత్త నీరు రాకపోతే ఒక్కటీ మిగలదు. చెరువు పెద్దాయన ఏడాది కష్టమంతా అందులోనే ఉంది. ఆయన మావైపు చూడకుండా నీళ్లవైపే చూస్తున్నాడు.

"దుంగకి మట్టుంటే చైను పాడైపోద్దండీ. కాస్త కడిగించండి," అన్నాడు మావయ్య. అనడమే ఆలస్యం, ఊరివాళ్లు బిందెలతో దిగారు. కడిగింది ఆ బురద కాలువ నీళ్లతోనే. పోసిన ప్రతి బిందే దుంగ పీచులోకి ఇంకాస్త ఇసుక ఎక్కించింది. అంత మర్యాదగా చేస్తుంటే ఆపమనడానికి మాకు నోరు రాలేదు. ఆ తర్వాత, మిషనుకు కొబ్బరికాయ కొట్టాలన్నాడు పెద్దాయన. మావయ్యేమో ప్రార్థన చేయందే మిషను ముట్టడు.

"ముందు మీరు కానివ్వండి."

"అబ్బే, మీరే కానివ్వండి."

(చేపలకు ఇలాంటి మర్యాదలు తెలియవు.)

పదును చైను వేలెడు దిగి పొగలు కక్కింది. నేను ఎండలో కూర్చుని ఆకురాయితో ఒక్కో పన్నూ రాశాను. మళ్లీ దిగింది, మళ్లీ అరిగింది. ఇంకో పదును చైను ఎక్కించాం. అదీ అంతే.

"కోత్తన్నారా, కాలుత్తన్నారా అండీ?" అని గట్టు మీంచి ఒకావిడ అడిగింది. ఎవరూ నవ్వలేదు.

సంచి తడిమాను. "మావయ్యా, ఇంక మొద్దు పళ్లదే మిగిలింది."

"మిగల్లేదురా. ఇలాంటిదానికనే దాచాను," అన్నాడు మావయ్య, పెద్దాయనకు వినపడేలా.

అది గేదె నెమరేసినట్టు తాపీగా కోసింది. చూసేవాళ్లకు ఆవలింతలొచ్చాయి గాని, ఆగలేదు. చివరికి దుంగ రెండుగా విడిపోయి, నీరు తూములోకి దూకింది. కొన్ని చేపలు అప్పటికే చచ్చి తేలాయి. మిగిలినవి మెల్లగా లోపలికి దిగాయి. పెద్దాయన గట్టు మీద చతికిలబడ్డాడు.

మేం గూడెం చేరేలోపే కథ మారిపోయింది. మావయ్య చెప్పేదాంట్లో, దుంగను చూడగానే ఆయన మొద్దు పళ్లదే అడిగాడు. పదునుదే కావాలని పట్టుబట్టింది మేనల్లుడు. ఏళ్లపాటు నా ఎదుటే అలా చెప్పాడు. నేను టీ అందిస్తూ విన్నాను.

పోయినేడు మావయ్య పోయాడు. మొన్న ఉండి అనే ఊరి నుంచి ఒకాయన వచ్చి, బురదలో నానిన దుంగలకు ఏ చైను వెయ్యాలని అడిగాడు. గుండ్రటి మూలలది చేతికిచ్చి, కథంతా మావయ్య చెప్పినట్టే చెప్పాను.

"ఆ మేనల్లుడెవడో మొండిఘటంలా ఉన్నాడండీ," అని నవ్వాడాయన.

"కుర్రతనం కదండీ," అన్నాను.