ఎడమచేతి నీలిమచ్చ

బెంగాలులోని లిలువా రైల్వే కాలనీ తెలుగువారికి ఒక ఆచారం ఉంది. వర్క్‌షాపులో మనవాడెవడు పదవీవిరమణ చేసినా, ఆ నెలాఖరు సాయంకాలం సంఘం హాలులో శాలువా కప్పి, దండ వేసి, అతని బ్రతుకు మీద ఐదు పద్యాలు చదవాలి. ముప్ఫైయేళ్ళుగా ఆ పద్యాలు కట్టేవాడినీ చదివేవాడినీ నేనే. ఇక్కడి బడిలో తెలుగు చెప్పి, చెప్పించుకొనేవారు కరవై బడిలో ఆ విభాగమే మూతపడగా ఇంట కూర్చున్నవాణ్ణి. నాకు మిగిలిన అధికారం ఆ ఐదు పద్యాలే.

రెండేళ్ళ క్రిందట వంతు మా బావమరిదికి వచ్చింది. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ముప్ఫైయేడేళ్ళు లేతు మిషను ముందు నిలబడి పనిచేసినవాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఇక్కడే పుట్టి హిందీ బడిలో చదివినవారు కావడంతో తెలుగు మాట్లాడటమే గాని చదవడం ఎరుగరు. నాలుగవ పద్యంలో అతని కుడిచేతి చూపుడువ్రేలి సంగతి పెట్టాను. ఉద్యోగంలో చేరిన మూడవ నెలలో లేతులో పడి ఆ వ్రేలి కొన తెగిపోయింది. అది పెట్టమన్నది నా భార్యే. తెగిన వ్రేలికి గుడ్డచుట్టి ఆసుపత్రికి నడిపించుకొని పోయిన మనిషి ఆమె.

సభకు మూడు రోజుల ముందు నా గొంతు పట్టుకొంది. మ్రింగుదామంటే ముల్లు, పలుకుదామంటే గాలి. ఉప్పునీళ్ళు పుక్కిలించాను, మిరియాల పాలు త్రాగాను, డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకొన్నాను. ఆయన గొంతుకు విశ్రాంతి ఇవ్వమన్నాడు. నాకు కావలసింది విశ్రాంతి కాదు, ఆదివారం సాయంకాలం పావుగంట సేపు కంఠం.

అప్పుడు నా భార్య ఆక్యుప్రెషర్ మొదలుపెట్టింది. క్రింది వాటాలోని బెంగాలీ ముసలావిడ దగ్గర నేర్చిన విద్య అది. ఆవిడను మాషీమా, అంటే పిన్నీ, అని పిలుస్తుంది. నా ఎడమచేయి ఒడిలో పెట్టుకొని, బొటనవ్రేలిని చూపుడువ్రేలికి ఆనించి, వాటి నడుమ ఉబ్బిన కండ ఎక్కడ ఎత్తుగా ఉందో చూసి, అక్కడ తన బొటనవ్రేలు దించి నొక్కింది. ప్రాణం జివ్వుమంది.

"నొప్పెట్టిందా?"

తల ఊపాను.

"అయితే సోటు సరైందే. మాషీమా అలగే సెప్పింది, నొప్పి తెలకపోతే తప్పు సోట నొక్కీసినట్టంట."

ఏదో చెప్పబోయాను.

"నోర్మూసుకోండి. ముప్పయ్యేళ్ళు మీరు మాటాడినారు, నానిన్నాను. మూడ్రోజులు నాను మాటాడతాను, మీరినండి."

తరువాత బొటనవ్రేలి గోటి మూల దగ్గర. మళ్ళీ కండ మీద. ఒక్కొక్క చోట ఎంతసేపు నొక్కాలో మాషీమా గడియారం చూసి లెక్క చూసుకొనేవారట. నా భార్య గడియారం చూడలేదు. నొక్కుతూ పెదవులు కదిపింది. చెవి ఒగ్గి విన్నాను. నా పద్యాలు! మొదటిది, రెండవది, మూడవది, పాదం తప్పకుండా, యతి దగ్గర ఆగి మరీ. వరండాలో పచార్లు చేస్తూ నేను గొణుక్కొన్నదంతా కూరలు తరుగుతూ పట్టేసింది. ఒక పద్యం అయితే ఒక చోటు అయినట్టు. నాలుగవ పద్యం దగ్గర ఆమె వ్రేలు మరింత బలంగా దిగింది.

నేను ఆశ్చర్యపడ్డాను. ఆనందించానా? నిజం చెప్పాలి గనుక చెబుతున్నాను. ఆమె పలుకుబడిలో నా పద్యం వినడం నాకు కష్టంగా తోచింది. పిల్లల నోట "ఏటి" అన్న మాట వినబడితే బెత్తం పట్టుకొన్నవాణ్ణి నేను.

నొక్కిన తరువాత కొంతసేపు మ్రింగుడు సుళువయ్యేది. కంఠం మాత్రం రాలేదు. ఆదివారం నాటికి నా చేతి మీద రూపాయి బిళ్ళంత నీలిమచ్చ మిగిలింది, అంతే.

హాలు నిండింది. వర్క్‌షాపులో అతనితో కలిసి పనిచేసిన బిహారీలు, ఒడియావారు, బెంగాలీలు కూడా వచ్చారు. పద్యం అర్థం కాకపోయినా రాగానికి తల ఊపడం వారికి ఏనాటినుంచో అలవాటు. నేను కాగితం పట్టుకొని లేచాను. నోరు తెరిస్తే పిల్లి కూన మూలిగినట్టు వినబడింది. ముందు వరుసలో పిల్లలు నవ్వారు.

ఆడవారి వరుసలో నా భార్య సగం లేచింది. నా వైపు చూసి మెల్లగా, నాకు వినబడేటంత మాత్రం, "నాను సెప్పీయనా? నా తమ్ముడికే గదా" అంది.

ఎడమచేయి ఎత్తి కూర్చోమన్నాను.

ఆ నీలిమచ్చ ఉన్న చేయే. ఆమె దాన్ని చూసింది. కూర్చుంది.

సభలో ఆడవారు పద్యం చదవడం మన మర్యాద కాదని ఆ క్షణాన నాకు నేను చెప్పుకొన్నాను. అది అబద్ధం. పండితుడి పెళ్ళాం అలా పలుకుతుందా అని ఎవరైనా నవ్వుతారని నా భయం. నవ్వగలిగినంత తెలుగు ఆ హాలులో ఎందరికి వచ్చునో నేను ఆలోచించలేదు.

సంఘం కార్యదర్శి, హైదరాబాదు నుంచి ఉద్యోగానికి వచ్చిన యువకుడు, కాగితం అందుకొని, "ఏం పర్లేదు మాస్టారూ, ఫ్రేము కట్టించి ఇచ్చేద్దాం" అన్నాడు. వెనుక వరుసలో ఎవరో, "ఈసారి బేగా ఐపోనాది, లూచీ పూరీలు సల్లారకండా తినీవచ్చు" అంటే నలుగురు సంతోషించారు.

బావమరిది నా దగ్గరకు వచ్చి, ఆ కొన తెగిన వ్రేలితోనే కాగితం తడుముతూ అడిగాడు. "ఏటి రాసినావు బావా నా గురించి?"

నేను గొంతు చూపించాను. అతడు అక్కవైపు తిరిగాడు. "నువ్వు సెప్పప్పా, నీకు తెలుసా?"

"నాకేటి తెలుసురా, నానేటి సదువుకున్నానా" అంది ఆమె, నన్ను చూడకుండా.

సభ అయిన అయిదవ రోజున కంఠం వచ్చింది. ఆ సాయంకాలమే అతని ఇంటికి వెళ్ళి, గోడ మీది ఫ్రేము దింపించి, ఐదు పద్యాలూ రాగం తీసి చదివాను. టీవీ శబ్దం తగ్గించి ఓపికగా విన్నాడు.

"బాగుంది బావా. మా షాపోళ్ళు ఇంటే ఇంకా బాగున్ను. ఆల్లందరూ ఆయేళే వచ్చినారు గదా."

ఫ్రేము మళ్ళీ గోడకు ఎక్కింది. ఆ ఇంట దాన్ని చదవగలవారు లేరు.

మొన్న చలికాలం నాకు మళ్ళీ గొంతు పట్టింది. అలవాటుగా ఎడమచేయి చాచాను. నా భార్య బియ్యంలో రాళ్ళేరుకొంటోంది. చేట దించలేదు.

"కుడిసెయ్యి బాగనే ఉంది గదా మీకు. నొక్కుకోండి."

నొక్కుకొన్నాను. ఎంతసేపు నొక్కాలో తెలియలేదు. "ఆ నాలుగో పద్యం ఒకసారి చెప్పవూ" అని బొంగురుగా అడిగాను.

"మర్సిపోనాను" అంది.

మరచిపోలేదని నాకు తెలుసు. తమ్ముడి పేరెత్తితే ఆమె పెదవులు ఇప్పటికీ కదులుతాయి, శబ్దం లేకుండా. నేను కండను మరింత గట్టిగా నొక్కి పట్టుకొన్నాను. నొప్పి తెలుస్తోంది. చోటు సరైనదే.