తొమ్మిదో నాడి

ఆ రోజుల్లో, అంటే అరవైల చివర్లో, చదివిన చదువుకీ చేయబోయే పనికీ సంబంధం ఉండి తీరాలని మా నాన్నల తరం గట్టిగా నమ్మేది. పిల్లల్ని ఏదో ఒక కోర్సులో చేర్పించగానే, రైలెక్కించి కిటికీలోంచి చెయ్యి ఊపినంత నిశ్చింతగా ఉండేవాళ్ళు. ఆ రైలు ఎక్కడెక్కడ పట్టాలు మారుతుందో వాళ్ళకీ తెలియదు, ఎక్కిన మాకు అసలే తెలియదు. నేనెక్కిన బండి ఎమ్మెస్సీ జువాలజీ. దిగిన స్టేషన్ ఏమిటో చెప్పాలంటే ముందు ఒక సొరచేప సంగతి చెప్పాలి.

మా నాన్న బాపట్ల వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో ఒక బడిలో టీచరుగా స్థిరపడ్డాడు. తార్నాకలో ఒక ఇంటి వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళం. నేను పుట్టినప్పుడే ఆయన నన్ను డాక్టర్ని చేస్తానని దేవుడికి మాటిచ్చేశాడు (నన్ను అడిగే వయసు నాకు లేదు, దేవుడు ఒప్పుకున్నాడో లేదో ఆయన కనుక్కోలేదు). మెడిసిన్ సీటు రాలేదు. వారం రోజులు ముభావంగా ఉండి, ఎనిమిదో రోజున తేలిక పడ్డ మొహంతో వచ్చి, జువాలజీలో ఎమ్మెస్సీ చేసి ఆపైన పి.హెచ్.డి. చేస్తే పేరు ముందు డాక్టరనే రాసుకోవచ్చని, ఆ రెండక్షరాలు చూసి అది ఏ డాక్టరని ఎవరూ అడగరని చెప్పాడు. సీతాఫల్‌మండిలో మేము వెళ్ళే చర్చిలో అప్పటికే నన్ను అందరూ డాక్టరమ్మ అనడం మొదలుపెట్టారు. ఒక పెద్దావిడ ప్రతి ఆదివారం తన మోకాలు నాకు చూపించేది.

యూనివర్సిటీ మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరం. చెట్ల కింద నుంచి పుస్తకాలు గుండెకి హత్తుకుని నడుస్తుంటే నాకు నేనే చాలా గొప్పగా కనిపించేదాన్ని. ఆ గొప్ప లాబ్ గుమ్మం దాకానే. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, నా చేతికి కత్తి ఇస్తే ఏ ప్రాణి లోపలి భాగమూ మళ్ళీ గుర్తుపట్టేలా ఉండేది కాదు. బి.ఎస్సీ.లో బొద్దింకలు, వానపాములు కనుక ఎలాగో గట్టెక్కాను. ఎమ్మెస్సీలో సొరచేప పిల్ల వచ్చింది. దాని తల కోసి, మెత్తటి ఎముకని పొరలు పొరలుగా చెక్కి, మెదడు నుంచి బయలుదేరే నరాల్ని ఒక్కటీ తెగకుండా బయటపెట్టాలి. అయిదో నాడి, ఏడో నాడి, పదో నాడి కాస్త లావుగా ఉండి నా బోటివాళ్ళని క్షమిస్తాయి. తొమ్మిదోది మాత్రం తెల్ల దారప్పోగంత ఉంటుంది. చెవి గూడు అడుగు నుంచి దొంగలా దూరి మొదటి మొప్ప దగ్గరికి పోతుంది. రెండేళ్ళలో దాన్ని నేను తెగకుండా చూసింది పక్కవాళ్ళ ట్రేలోనే. పక్కవాళ్ళంటే నా స్నేహితురాలు, మేమంతా బంగారు చేతులని పిలిచే పిల్ల. ఆ పిల్ల కోసిన చేప మళ్ళీ కుట్టి నీళ్ళలో వదిలితే ఈదుకుంటూ పోతుందేమో అన్నట్టుండేది.

నాకు చేతనైంది ఒక్కటే, బొమ్మ. చూసింది చూసినట్టు, ఏ నరం ఎక్కడ వంపు తిరుగుతుందో అక్కడే తిరిగేలా పెన్సిలుతో గీసేదాన్ని. క్లాసులో సగంమంది రికార్డు పుస్తకాల్లో బొమ్మలు నావే. లాబ్ అటెండరు ఒకాయన ఉండేవాడు. మాణికేశ్వర్ నగర్‌లో ఇల్లు. వానాకాలం గుంటల్లో కప్పలు పట్టుకొచ్చేది ఆయనే కనుక అందరికీ కప్పల తాత. నా ట్రేలోకి తొంగిచూసి, నా పుస్తకంలోకి తొంగిచూసి, చాలాసేపు ఆలోచించి ఒకరోజు అన్నాడు: “ఏంది బిడ్డా, కాయితం మీద చేప గింత మంచిగున్నది. ట్రేల ఉన్నదేమో లారీ కింద పడ్డట్టున్నది.”

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఇంట్లో సాధన చేస్తే చెయ్యి తిరుగుతుందని నాన్నకి తోచింది. బాపట్లలో ఉన్న మా మేనత్తకి ఉత్తరం రాశాడు. ఆవిడ రెండు సొరపిల్లల్ని ఐసులో, ఊకలో కూరి, తెలిసిన రైల్వే గార్డు చేతికిచ్చి పంపించింది. పొద్దున్నే నాన్న స్టేషనుకి వెళ్ళి వాటిని తెచ్చి, వంటింట్లో పెట్టి, బడికి టైమైపోతోందని ఒక్క ముక్కయినా చెప్పకుండా పరిగెత్తాడు. అమ్మ మూట విప్పి చూసింది. పెళ్ళయినప్పటి నుంచి ఒక్క జాకెట్టు గుడ్డయినా పంపని ఆడపడుచు ఇన్నాళ్ళకి ప్రేమగా చేపలు పంపిందని ఆవిడకి కళ్ళు చెమర్చాయట. సాయంత్రం నేను కత్తులపెట్టె పట్టుకుని ఇంటికొచ్చేసరికి వీధి మలుపు దాకా అల్లం వెల్లుల్లి వాసన. సొరపుట్టు. ఉడకబెట్టి, చిదిమి, పొడిపొడిగా వేయించిన ఆ కూర చూస్తే నాకు కోపం కూడా రాలేదు. నేను కోసినా అది చివరికి ఆ రూపానికే వచ్చేది. నాన్న చాలాసేపు కోప్పడ్డాడు. తర్వాత అన్నానికి కూర్చుని రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు, నాన్న అడిగాడు కాబోలు, నా పరీక్ష కోసం ప్రార్థన చేశారు. నరాల పరీక్ష అని నాన్న చెబితే అయ్యగారికి నాకే నరాల జబ్బు అని అర్థమైంది. “మా సహోదరి నరములను నీ హస్తములతో తాకుము ప్రభువా” అని ఆయన గొంతెత్తి ప్రార్థిస్తుంటే సంఘమంతా ఆమెన్ అంది. బయటికొచ్చాక మోకాలి పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, నువ్వు చెప్పనేలేదు తల్లీ అని కన్నీళ్ళు పెట్టుకుంది.

ప్రాక్టికల్ పరీక్షకి వాల్తేరు నుంచి ఎక్స్‌టర్నల్ వచ్చారు. పొడుగ్గా, సన్నగా, ముక్కు చివర కళ్ళజోడుతో ఉండేవారు. ఆయన చేతిలో పాసైనవాళ్ళ కంటే ఫెయిలైనవాళ్ళే ఆయన్ని ఎక్కువ కాలం గుర్తుంచుకుంటారని పేరు. చీటీ తీశాను. సొరచేప కపాల నాడులు. ఎదురుగా ట్రే పెడుతూ కప్పల తాత నా మొహం చూసి, “అది సచ్చిపోయే ఉన్నది బిడ్డా, మల్ల నువ్వెందుకు భయపడ్తున్నవ్” అని నెమ్మదిగా చెప్పి వెళ్ళాడు.

ఆ మాటతో రెండు గంటలు బాగానే నడిచాను. అయిదు, ఏడు, పది, ఈ మూడు నాడులూ నిక్షేపంగా బయటపడ్డాయి. చెవి గూడు చెక్కుతూ, ఇక అయిపోయిందన్న సంతోషంలో కత్తిని ఒక్క వెంట్రుక మందం ఎక్కువ నొక్కాను. తొమ్మిదోది తెగింది. తెగడం కాదు, కనబడకుండా పోయింది. అది లేకపోతే పాసు మార్కు రాదు. పాసు కాకపోతే పి.హెచ్.డి. లేదు, నాన్న దేవుడికిచ్చిన మాటా లేదు. చర్చిలో ఇక ఏ మొహంతో నిలబడతాను అనుకుంటూ తల దించుకుంటే, నడుం దగ్గర దోపిన పైట చెంగు అంచులో ఒక తెల్ల దారప్పోగు ఊడి వేలాడుతూ కనిపించింది. (సీనియర్లు ఈ కిటుకు గురించి చెప్పుకునేవాళ్ళు. నేను విని, ఛీ అనుకున్నదాన్ని.) ఆ పోగుని ఫోర్సెప్స్‌తో పట్టుకుని, నాడి ఉండాల్సిన చోట, ఉండాల్సిన వంపుతో పరిచాను. బొమ్మ గీసినంత అందంగా వచ్చింది. ఆ అందానికి మురిసిపోయి, రెండో కొస తెంపడం మరిచిపోయాను.

ఎక్స్‌టర్నల్ వచ్చి వంగి చూశారు. బాగుంది అన్నట్టు తల కూడా ఊపారు. తర్వాత తన ఫోర్సెప్స్‌తో తొమ్మిదో నాడిని మెల్లగా పైకెత్తారు. అది వచ్చింది. ఇంకా ఎత్తారు, ఇంకా వచ్చింది. ఆయన లాగుతున్నారు, అది వస్తూనే ఉంది. నా పైట చెంగు ముడతలు పడుతూ ట్రే వైపు ప్రయాణం మొదలుపెట్టింది. ఆయన కళ్ళజోడు పైనుంచి దారం వెంటే చూపు నడిపించుకుంటూ నా నడుం దాకా వచ్చి ఆగారు.

“ఈ చేపకి తొమ్మిదో నాడి నీ చీరలోంచి బయలుదేరుతుందామ్మా?”

బంగారు చేతుల పిల్ల కళ్ళు మూసుకుంది. అబద్ధం ఆడే ధైర్యం ఆ దారంతో పాటే బయటికి వచ్చేసింది కాబోలు, నేను ఏడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పాను. “నేనే తెంపేశానండీ. తప్పు చేశాను. కానీ అది ఎక్కడుండాలో నాకు తెలుసండీ.”

ఆయన ఫోర్సెప్స్ కింద పెట్టారు. తెలిస్తే చూపించమని ఒక తెల్ల కాగితం నా ముందుకు తోసి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. ముక్కు తుడుచుకుంటూ గీశాను. మెదడు, చెవి గూడు, దాని కింద నుంచి తొమ్మిదో నాడి, అది రెండుగా చీలే చోటు, మొప్ప. పావుగంటలో ఒక్కసారీ రబ్బరు ముట్టుకోలేదు. ఆయన ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చూసి, దారం వేసినందుకు ఆ నాడికి సున్నా వేస్తున్నానని, మిగతా మూడింటికీ, ఈ బొమ్మకీ న్యాయంగా రావలసినవి వస్తాయని చెప్పారు. వెళ్ళబోతూ ఆగి, “మెడిసిన్ సీటు రాలేదేమో కదా. రోగులు అదృష్టవంతులమ్మా. నువ్వు పెన్సిలు పట్టుకో, కత్తి ఇంకెవరైనా పట్టుకుంటారు” అన్నారు. అంటూనే నవ్వారు. ఆయన నవ్వగా మా డిపార్టుమెంటులో ఎవరూ చూసి ఉండరు.

పాసయ్యాను, అంచు మీద. ఇంటికెళ్ళి నాన్నకి దారం సంగతితో సహా అంతా చెప్పాను. ఆయన అంతా విని, ఆ బొమ్మ కాగితం ఇంటికి తెచ్చావా అని మాత్రం అడిగాడు. తేలేదన్నాను. తెస్తే బాగుండేదన్నాడు. అంతకు మించిన క్షమాపత్రం నాకెవరూ ఇవ్వలేదు.

ఆ కాగితం ఎక్స్‌టర్నల్ మా హెడ్డుగారి బల్ల మీద పెట్టి వెళ్ళారట. ఇంటర్లో తెలుగు మీడియం పెడుతున్న రోజులవి. హెడ్డుగారు తెలుగులో జంతుశాస్త్రం పుస్తకం రాయడానికి కూర్చున్నారు. మాటలు ఆయన దగ్గరున్నాయి, బొమ్మలు లేవు. నన్ను పిలిపించారు. కప్ప గుండెతో మొదలుపెట్టాను. ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళపాటు పాఠ్యపుస్తకాలకి గుండెలు, మూత్రపిండాలు, పువ్వులు, వేర్లు, సీతాకోకచిలుక జీవితచక్రం, అన్నీ గీస్తూనే బతికాను, పి.హెచ్.డి. ఊసు మళ్ళీ రాలేదు. నాన్న చర్చిలో, మా అమ్మాయి డాక్టర్ల పుస్తకాలకి బొమ్మలు వేస్తుందని చెప్పుకునేవాడు. నిజానికి అవి ఇంటర్ పిల్లల పుస్తకాలు. నేను సరిదిద్దలేదు. బంగారు చేతుల పిల్ల బ్యాంకులో చేరి మేనేజరైంది. క్లాసు ఫస్టు అబ్బాయి పోలీసు శాఖలోకి వెళ్ళాడు. పామంటే పారిపోయే ఇంకొకాయన జూలో పెద్ద ఉద్యోగం చేశాడు. జువాలజీ మమ్మల్నందరినీ ఓపిగ్గా భరించి, తలా ఒక దిక్కుకి సాగనంపింది.

చాలా ఏళ్ళకి, ఆ ఎక్స్‌టర్నల్ రిటైరై కూతురి దగ్గర హైదరాబాదులోనే ఉంటున్నారని తెలిసి వెతుక్కుంటూ వెళ్ళాను. కృతజ్ఞతలు ఎలా చెప్పాలో దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. చేప, దారం, కాగితం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, చాలా ప్రయత్నించి, మెల్లగా తల అడ్డంగా ఊపారు. ఒక్క ముక్కా గుర్తులేదట. ఎన్ని పరీక్షలు, ఎన్ని చేపలు, ఎంతమంది ఏడ్చిన పిల్లలు. నా మొహం చూసి నొచ్చుకున్నారేమో, లోపలికి కేకేసి భార్యని పిలిచారు. “ఇంకోసారి చెప్పమ్మా. నేను మంచిపని చేశానంటే ఈవిడ నమ్మదు.”

ఆవిడ కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. రెండోసారి చెప్పేటప్పుడు ఆయన్ని ఇంకాస్త దయగలవాడిగా చూపించాను. నా ఏడుపు సగానికి సగం తగ్గించి, ఆ చోట కాస్త ధైర్యం గీశాను. పరీక్ష లాబ్‌లో ముక్కు తుడుచుకుంటూ నిలబడ్డ ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల, అప్పటి నేను, ఆ గదిలో ఉంటే అడ్డం వచ్చి ఉండేది, అలా జరగలేదు అని. కానీ ఆవిడ చెప్పించుకుని చెప్పించుకుని వింటోంది, ఆయన తనకు గుర్తులేని తన మంచితనాన్ని చూసుకుని చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నారు. ఆ పిల్ల కూడా ఈ మార్చిన బొమ్మని ఒప్పేసుకునేదిలే అనిపించింది.